గట్టి అట్టా, మెత్త అట్టా? ఒక్క నిమిషంలో తేల్చేయండి

పుస్తకాల షాపులో నిలబడ్డారు. ఒకే పుస్తకం రెండు రూపాల్లో మీ ముందుంది. ఒకటి హార్డ్‌కవర్. బరువుగా, దర్జాగా ఉంది. రెండోది పేపర్‌బ్యాక్. ధర బాగా తక్కువ. దీన్ని తిప్పి చూస్తారు. దాన్ని తిప్పి చూస్తారు. పది నిమిషాలైనా తేలదు. చివరికి రెండూ అక్కడే పెట్టేసి, "ఆన్‌లైన్‌లో చూద్దాంలే" అనుకుంటూ బయటికొచ్చేస్తారు.

ఇకమీదట అలా జరగదు. ఈ డెసిషన్‌ని ఒక్క నిమిషంలో తీసుకోవడం మీకు ఇవాళే అలవాటవుతుంది.

రూల్ ఒక్కటే. మొదటిసారి చదవడానికి పేపర్‌బ్యాక్ కొనండి. మళ్లీ మళ్లీ తీసే పుస్తకానికే హార్డ్‌కవర్ ఇవ్వండి. గట్టి అట్ట అనేది పుస్తకం మీ దగ్గర పనిచేసి సంపాదించుకోవాల్సిన ప్రమోషన్. ఉద్యోగంలో చేరిన రోజే ప్రమోషన్ ఎవరిస్తారు?

మినహాయింపులు ఉన్నాయి. వాటి సంగతి తర్వాత. ముందు మీ బీరువా దగ్గరికి వెళ్లి రండి.

రిబ్బన్ టెస్ట్

మీ దగ్గరున్న హార్డ్‌కవర్లు కొన్ని బయటికి తీయండి. కొన్నిటిలో పేజీ గుర్తుకోసం సన్నటి రిబ్బన్ ఉంటుంది. అది ఎక్కడుందో చూడండి. బైండింగ్ చేసిన రోజున పెట్టిన పేజీలోనే, పెట్టిన మడత మీదే ఉందా? అయితే ఆ పుస్తకాన్ని మీరు కొన్నారు. చదవలేదు.

సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కారణం తెలుసుకుంటే చాలు. హార్డ్‌కవర్ కొనేటప్పుడు మన కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. అద్దాల బీరువా, వరసగా సంపుటాలు, పక్కనే వాలు కుర్చీ, అందులో రోజూ గంటసేపు చదువుకునే మీరు. ఆ "మీరు" ఇంకా పుట్టలేదు! ఇవాళ్టి మీరు రాత్రి పదకొండు దాటాక మంచం మీద ఇరవై నిమిషాలు చదువుతారు. లేదా మెట్రోలో నిలబడి చదువుతారు. డబ్బు పెట్టేటప్పుడు ఈ ఇవాళ్టి మనిషినే అడగండి. ఆ వాలు కుర్చీ మనిషి తయారైనప్పుడు ఆయనకి కావలసినవి ఆయనే కొనుక్కుంటాడు.

ఇంకో చిక్కు మన పెంపకంలో ఉంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. దసరాల్లో మూలా నక్షత్రం రోజున సరస్వతి ముందు పెట్టి పూజ చేస్తాం. చక్కటి అలవాటు. మానొద్దు. కానీ ఖరీదైన గట్టి అట్ట పుస్తకం చేతికి రాగానే ఆ భక్తి కాస్తా భయంగా మారుతుంది. పెన్సిల్ గీత పెట్టడానికి చెయ్యి రాదు. బ్యాగులో వేస్తే మూలలు నలుగుతాయని బెంగ. ఎవరైనా అడిగితే ఇవ్వాలంటే ప్రాణం ఒప్పదు. పూజ మిగతా 364 రోజులూ సాగుతుంది, చదువు మాత్రం సాగదు.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలతో ఒక పుస్తకం తెచ్చారు. అందులో మొదటి సూత్రమే పుస్తకం వాడకం గురించి. ఒకప్పుడు యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసి ఉంచేవాళ్లని కూడా ఆయన గుర్తుచేశారు. మీ బీరువాలో ఇనుప గొలుసులు లేవు. "పాడైపోతుందేమో" అన్న గొలుసు ఉంది. దాన్ని తెంపేయండి.

చవక అట్టని చిన్నచూపు చూడకండి

పేపర్‌బ్యాక్ అంటే సెకండ్ గ్రేడ్ అనే ఫీలింగ్ ఉందా? అయితే ఈ కథ మీకోసమే.

1935 జులై. ఇంగ్లండ్‌లో అలెన్ లేన్ అనే పబ్లిషర్ పెంగ్విన్ పేరుతో పది పేపర్‌బ్యాక్‌లను ఒకేసారి విడుదల చేశాడు. వాటిలో అగాథా క్రిస్టీ ఉంది, హెమింగ్వే ఉన్నాడు. ధర ఆరు పెన్నీలు. ఆ రోజుల్లో అక్కడ గట్టి అట్ట కొత్త నవల ఏడున్నర షిల్లింగులు. లెక్కేయండి. పదిహేనో వంతు! ఎక్సెటర్ రైల్వే స్టేషన్‌లో చదవడానికి సరైన పుస్తకం ఒక్కటీ దొరక్కపోవడంతో ఆయనకీ ఆలోచన వచ్చిందని చెప్తారు. అంతకుముందు కూడా మెత్త అట్ట పుస్తకాలు ఉన్నాయి. ఆయన చేసిందల్లా మంచి రచనలనీ చక్కటి డిజైన్‌నీ ఆ అట్టలోకి తేవడం. గట్టి అట్ట కొనే స్తోమత లేనివాళ్ల చేతికి కూడా మంచి సాహిత్యం వచ్చింది. మన దగ్గర ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, ఇంటింటి గ్రంథాలయం పథకం చేసింది కూడా ఇలాంటి పనే. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, మురిసిపోతూ చెప్తారు.

ఇంకో ట్రేడ్ సీక్రెట్ వినండి. ఇంగ్లిష్ పుస్తకాల మార్కెట్‌లో, ముఖ్యంగా అమెరికా, బ్రిటన్‌లలో, పేరున్న కొత్త పుస్తకం ముందు హార్డ్‌కవర్‌లో వస్తుంది. సుమారు ఏడాదికి పేపర్‌బ్యాక్ వస్తుంది. రెండింటి ధరల్లో తేడా అంతా అట్ట ఖర్చు అనుకుంటున్నారా? గట్టి అట్ట తయారీకి అదనంగా అయ్యేది ఆ తేడాలో చిన్న భాగమే. మిగతాది మీ ఆత్రుతకు వేసే బిల్లు. నిజంగా ఆగలేని పుస్తకమైతే సంతోషంగా కట్టండి. ఊరికే అందరూ మాట్లాడుకుంటున్నారని మాత్రం కట్టకండి. ఏడాది తర్వాత కూడా ఆ పుస్తకం చదవాలనిపిస్తే, అప్పుడు అది నిజంగా మీ పుస్తకం.

తెలుగులో ఈ తలనొప్పి తక్కువ. మన కొత్త నవల, కథల సంపుటి చాలావరకు నేరుగా మెత్త అట్టలోనే వస్తాయి. సమగ్ర సాహిత్య సంపుటాలు, నిఘంటువులు, పురాణాలు, డీలక్స్ ఎడిషన్ల దగ్గరే ఎంచుకోవాల్సిన అవసరం వస్తుంది.

అసలు బలం వెన్నులో ఉంది

ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి. షాపులో మీకు నిజంగా పనికొచ్చేది ఇదే.

చాలామంది అట్ట గట్టిగా ఉంటే పుస్తకం గట్టిదనుకుంటారు. పుస్తకం ఎన్నాళ్లుంటుందో చెప్పేది అట్ట ఒక్కటే కాదు. పేజీలను కలిపి పట్టుకున్నది దారమా, జిగురా? మొదట చూడాల్సింది అది.

పెద్ద కాగితం మీద అచ్చువేసి, దాన్ని మడిస్తే ఒక ఫారం అవుతుంది. మన ప్రెస్సుల్లో ఫారం అంటే మామూలుగా 16 పేజీలు. ఈ ఫారాలను మడత దగ్గర దారంతో ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే అది కుట్టు బైండింగ్. పుస్తకం బల్ల మీద బాగా తెరుచుకుంటుంది. పేజీ ఊడిరాదు. కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది.

రెండో పద్ధతిలో ఫారాల మడతలను మెషీన్ కోసేస్తుంది. అంటే ప్రతి ఆకూ విడి ఆకే. వెన్నుకి వేడి జిగురు రాసి, అట్ట అంటిస్తారు. దీనికి పర్‌ఫెక్ట్ బైండింగ్ అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఆత్మవిశ్వాసం ఎక్కువే! మామూలు రకం జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. అప్పుడు పుస్తకాన్ని బలవంతంగా విప్పితే వెన్ను టప్పున విరుగుతుంది. ఇక ఆకులు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. జిగురుతో అంటించిన పేజీల కట్టకి పైన గట్టి అట్ట తొడిగి హార్డ్‌కవర్‌గా అమ్మే పుస్తకాలు మార్కెట్లో బోలెడు. అలాగే దారంతో కుట్టి మెత్త అట్ట వేసిన పేపర్‌బ్యాక్‌లూ ఉన్నాయి. రెండింట్లో ఎక్కువ కాలం చెక్కుచెదరకుండా ఉండేది రెండోదే కావచ్చు.

ఎలా కనిపెట్టాలి? అర నిమిషం పని.

1. పుస్తకాన్ని నిలబెట్టి, వెన్ను పై అంచుని పైనుంచి చూడండి. చిన్న చిన్న మడతల గుత్తులు వరసగా కనిపిస్తే ఫారాలు అలాగే ఉన్నాయన్నమాట. కుట్టు ఉండే అవకాశం ఎక్కువ. ఆకులన్నీ విడివిడిగా ఒకే గోడలా ఉంటే అది జిగురు.

2. మధ్యలో ఒకచోట తెరవండి. నాలుగైదు ఆకులు అటూ ఇటూ తిప్పితే ఏదో ఒక మడతలో దారం కనిపించాలి. దారం కనిపించిందా? మార్కులు వేసేయండి.

3. వెన్ను తలదగ్గర రంగు రంగుల గుడ్డపట్టీ చూసి మోసపోకండి. ఇప్పుడు అది చాలావరకు అలంకారమే. జిగురు పుస్తకానికి కూడా అతికిస్తారు.

చివరగా కాగితం. న్యూస్‌ప్రింట్‌లాంటి చవక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ పసుపెక్కి, పెళుసవుతుంది. అలాంటి కాగితానికి గట్టి అట్ట వేసి డీలక్స్ అంటే మర్యాదగా నవ్వేసి ముందుకు నడవండి.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు పుస్తకం చేతిలో పట్టుకుని మిమ్మల్ని మీరు అడగండి.

ఎక్కడ చదువుతాను?

దీనికి జవాబు మీ చెయ్యి చెప్తుంది. డెమీ సైజులో 400 పేజీల పుస్తకం తీసుకోండి. 70 జీఎస్ఎం కాగితమైతే లోపలి ఆకులే 400 గ్రాములు దాటుతాయి. రెండు అట్టముక్కలు, పైన గుడ్డ, లోపలి ఎండ్ పేపర్లు కలిపితే ఇంకో వంద, నూట యాభై గ్రాములు. వెల్లకిలా పడుకుని ఒంటి చేత్తో ఆ బరువుని పట్టుకుని చూడండి. పావుగంటకి మణికట్టు లాగుతుంది. మీరేమో "నాకు కాన్సన్‌ట్రేషన్ లేదు" అనుకుంటారు. కాన్సన్‌ట్రేషన్‌కి ఏ లోటూ లేదు. చెయ్యి నొప్పెడుతోందంతే! మంచం, బస్సు, రైలు, ఆఫీసు లంచ్ బ్రేక్ మీ రీడింగ్ స్పాట్లైతే పేపర్‌బ్యాక్ తప్ప ఇంకోటి వద్దు. టేబుల్ ముందు కూర్చుని నోట్స్ రాసుకుంటూ చదువుతారా? అప్పుడు కుట్టు ఉన్న హార్డ్‌కవర్ మీ ఫ్రెండ్. మీరు పట్టుకోకుండానే తెరుచుకుని ఉంటుంది.

విదేశాల్లో ఉండేవాళ్లకి ఈ ప్రశ్న ఇంకా సులువు. సెలవులకి వచ్చి, విజయవాడ ఏలూరు రోడ్డులోనో హైదరాబాద్ కోఠీలోనో పుస్తకాలు ఏరుకుంటారు. విమానంలో ఒక్కో పెట్టెకి సాధారణంగా 23 కిలోలు. అందులో అమ్మ పెట్టిన ఆవకాయ, కారప్పొడి వాటా ఎటూ తగ్గదు. తగ్గాల్సింది అట్టముక్కలే.

ఎన్నిసార్లు తీస్తాను?

నిజాయితీగా చెప్పండి. థ్రిల్లర్‌ని రెండోసారి తీస్తారా? పోటీ పరీక్షల పుస్తకం సంగతేంటి? గ్రూప్స్, సివిల్స్‌కి చదివే పాలిటీ, ఎకానమీ పుస్తకాలు కొత్త ఎడిషన్ రాగానే పాతబడతాయి. వాటికి గట్టి అట్ట దండగ. పైగా వెయ్యి పేజీల పేపర్‌బ్యాక్‌ని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి మూడు ముక్కలు చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించేయండి. రోజుకో ముక్క బ్యాగులో పెట్టుకోండి. పుస్తకాన్ని కోయడం పాపమేమీ కాదు. మోయలేక ఇంట్లో వదిలేసి వెళ్తే సిలబస్ ఎలా పూర్తవుతుంది?

ఇంకెవరు చదువుతారు?

ఫ్రెండ్స్‌కి ఇచ్చే అలవాటుంటే పేపర్‌బ్యాక్. తిరిగి రాకపోయినా స్నేహం మిగులుతుంది. రెండేళ్ల పిల్లలుంటే గట్టి అట్టపేజీల బోర్డు బుక్స్. ఎందుకో మీకు తెలుసు.

మొదటి రోజే గట్టి అట్టకి అర్హమైనవి

నిఘంటువులు. ఇందులో చర్చే లేదు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం కానీ, బ్రౌన్ నిఘంటువు కానీ ఎవరూ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోరు. రోజుకి పదిసార్లు పదిచోట్ల తెరుస్తారు. మెత్త అట్ట, జిగురు వెన్ను ఆ ఒత్తిడికి ఆగవు.

పారాయణ గ్రంథాలు. వ్యాసపీఠం మీద పెట్టి రోజూ చదివే రామాయణానికో భాగవతానికో గట్టి అట్ట ఉంటే చక్కగా నిలుస్తుంది. చవకలో కావాలంటే 1923లో మొదలైన గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ వాళ్ల తెలుగు ప్రచురణలు చూడండి. గట్టి బైండింగ్‌ని అంత తక్కువ ధరకి ఇవ్వొచ్చని వాళ్లు ఏళ్ల తరబడి చూపిస్తున్నారు.

పెద్ద బొమ్మల పుస్తకాలు. చిత్రకళ, ఫొటోలు, అట్లాసులు. ఆర్ట్ పేపర్ బరువుకి మెత్త అట్ట కుంగిపోతుంది.

ఇవి కాక వేరేది కొనాలనిపిస్తే, పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ మళ్లీ జవాబు చెప్పుకోండి.

గిఫ్ట్? పెళ్లికో గృహప్రవేశానికో హార్డ్‌కవర్ ఇస్తే చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ తీసుకున్నవాళ్లు చదవాలని మీకుంటే పేపర్‌బ్యాక్‌లు రెండు ఇవ్వండి.

మన వాతావరణాన్ని మర్చిపోకండి

విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి తీరం ఊళ్లలో గాలి తేమకి అట్టముక్కలు వంకర తిరుగుతాయి. గుడ్డ బైండింగ్ మీద బూజు పడుతుంది. మైదా గుజ్జుతో అతికించిన అట్ట అంటే సిల్వర్‌ఫిష్‌కి విందు భోజనం. హార్డ్‌కవర్ కొన్నారంటే దాని బాగోగులు కూడా మీవే. ఇవి హ్యాబిట్‌గా చేసుకోండి:

- బీరువాని గోడకి ఆనించొద్దు. కాస్త గాలి ఆడనివ్వండి. చెదలు రావడానికి దారి కూడా ఆ గోడే.
- పుస్తకాలను బిగించి కుక్కొద్దు. వెన్ను పట్టుకుని లాగితేనే వచ్చేంత బిగువుంటే రెండు తీసేయండి.
- వానాకాలం అయ్యాక ఒకసారి అన్నీ దించి, దులిపి, నీడలో ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే అట్టలు వెలిసిపోతాయి.
- పేపర్‌బ్యాక్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు. ఆ వేడికి జిగురు పట్టు తప్పుతుంది.

ప్రమోషన్ ఇచ్చే రోజు

ఏడాదికి ఒక్కరోజు పెట్టుకోండి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తాయి కదా, వాటికి వెళ్లేముందు ఆదివారమైతే సరిగ్గా సరిపోతుంది. మీ పేపర్‌బ్యాక్‌లన్నీ కింద పరవండి. ఏ వెన్ను మీద గీతలు ఎక్కువ పడ్డాయి? ఏ మూలలు మెత్తబడ్డాయి? ఏ పుస్తకంలో మీ పెన్సిల్ గుర్తులు నిండుగా ఉన్నాయి? అవే ప్రమోషన్ లిస్టు. ఎక్కువ ఉండవు. రెండో మూడో తేలతాయి. అవి హార్డ్‌కవర్‌లో దొరికితే బుక్ ఫెయిర్‌లో ధైర్యంగా కొనండి. బడ్జెట్ గురించి ఆలోచించకండి. ఆ పుస్తకాలు ఆ డబ్బు సంపాదించుకున్నాయి.

దొరక్కపోతే? మీ పాత కాపీకే గట్టి అట్ట వేయించండి. నా ఓటు అయితే దీనికే. కొత్త కాపీలో మీ గుర్తులు ఉండవు కదా.

ఇది మనకి కొత్తేమీ కాదు. వారపత్రికల రోజుల్లో ఇళ్లలో జరిగింది ఇదే. యద్దనపూడి సులోచనారాణి సీరియల్ వస్తోందంటే వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచేవాళ్లు. సీరియల్ అయిపోయాక దొంతరంతా బైండింగ్‌కి ఇచ్చేవాళ్లు. ఆ బైండు పుస్తకం వీధి వీధంతా తిరిగేది. పత్రికలో వచ్చిన ప్రతి సీరియల్‌కీ ఆ మర్యాద దక్కలేదు. ముందు చదివారు, నచ్చింది, అప్పుడు అట్ట వేయించారు. శాఖా గ్రంథాలయాల్లో కూడా చేతులు మారి మారి నలిగిన పేపర్‌బ్యాక్‌లకే గట్టి బైండు పడేది.

ఇప్పుడు బైండర్ ఎక్కడ దొరుకుతాడంటారా? మీ ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉందా? దాని ఎదుట ప్రాజెక్ట్ రిపోర్టులు బైండ్ చేసే షాపు ఉంటుంది. కోర్టు దగ్గర కూడా చూడండి. వెళ్లి ఈ మాటలు స్పష్టంగా చెప్పండి:

- "కటింగ్ బాగా తక్కువ చెయ్యండి." అంచులు నున్నగా రావాలని మూడు వైపులా కోసేస్తారు. మార్జిన్‌లో మీరు రాసుకున్నదంతా కత్తెరకి పోతుంది.
- "పాత అట్ట పారేయొద్దు, లోపల కలిపి బైండ్ చెయ్యండి." ఆ ముఖచిత్రం మళ్లీ దొరక్కపోవచ్చు.
- జిగురు ఊడిన పుస్తకమైతే పక్క కుట్టు వేస్తానంటాడు. వేసేముందు లోపలి మార్జిన్ కనీసం ఒక సెంటీమీటరైనా ఉందో లేదో చూడండి. లేకపోతే లైన్ల చివరి అక్షరాలు కుట్టులో కలిసిపోతాయి.
- మైదా గుజ్జు వాడుతుంటే అందులో కాస్త మైలుతుత్తం కలపమనండి. పురుగు దగ్గరికి రాదు. పాత బైండర్లకి మీరు చెప్పాల్సిన పని కూడా ఉండదు.
- తొందరపెట్టొద్దు. అతికించాక ఒక రాత్రంతా బరువు కింద ఉంటేనే అట్ట తిన్నగా నిలుస్తుంది.
- వెన్ను మీద బంగారు రంగులో పేరు వేయించుకుంటున్నారా? నోటితో చెప్పి వచ్చేయకండి. పెద్ద అక్షరాలతో కాగితం మీద మీరే రాసివ్వండి. ఒత్తులు, దీర్ఘాలు రెండోసారి సరిచూసుకోండి. ఒకసారి అచ్చు పడిందంటే ఆ తప్పు కూడా గట్టి అట్టతో పాటే ఏళ్ల తరబడి ఉండిపోతుంది.